జూన్‌లో అక్టోబరు వాసన

పాలెట్ కోవాచ్‌కు యాభై ఏడేళ్ళు. కొవ్వొత్తి కొనేటప్పుడు మైనం దగ్గర ముక్కు పెట్టదు. గాజు సీసా మూత తీసి, దాని లోపలి వైపు వాసన చూస్తుంది. మైనం మొహమాటపడుతుంది, మూత ఉన్నదున్నట్టు చెబుతుందని ఆమె నమ్మకం.

అమెరికాలోని ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న డెల్వుడ్ ఊళ్ళో ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. తెల్లవారకముందే లేచి, థర్మాస్ నిండా కాఫీ పోసుకుని, బస్సు అద్దాల మీది మంచు గీకి, పిల్లల్ని ఎక్కించుకుంటుంది. ఒకడి చేతిలోంచి స్టేప్లర్ లాక్కుంటుంది, ఇంకొకత్తె ముక్కు తుడుస్తుంది. జూన్‌లో బడి మూసేస్తారు. అప్పటినుంచి ఆమె అక్టోబరు చివర్లో వచ్చే దయ్యాల పండగ హాలోవీన్ కోసం ఎదురుచూడటం మొదలుపెడుతుంది.

ఎండలు మండే జూన్‌లో హాలోవీన్ ఏమిటని అడిగేది ఆ ఊళ్ళో మగవాళ్ళే. ఫుట్‌బాల్ సీజన్ ముగిసిన మర్నాటినుంచే తర్వాతి సీజన్ కోసం నిట్టూర్చేది వాళ్ళే. నవంబరు జింకల వేటకు జులైలో తుపాకులు తుడుచుకునేదీ వాళ్ళే. వాళ్ళది అభిరుచి. ఆడవాళ్ళు గుమ్మడి కొవ్వొత్తి కోసం, గబ్బిలం బొమ్మ వేసిన చేతి క్రీము కోసం ఎదురుచూస్తే మాత్రం పిచ్చి. ఈ తేడా ఎవరు పెట్టారో ఊహించడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

పాలెట్ ఎదురుచూపుకు మాత్రం ఊళ్ళో కొంచెం మర్యాద ఉంది. ఏటా జూన్‌లో ఏదో ఒక ఉదయం, ఆ ఏటి హాలోవీన్ కొవ్వొత్తి వాసన ఆమె వంటింట్లోకి వచ్చేస్తుంది. మాల్‌లోని కొవ్వొత్తుల కొట్లోకి ఆ పండగ సరుకు రావడానికి ఇంకా చాలా వారాలుండగానే. ఏ కొవ్వొత్తి ఎక్కడ వెలగబోతుందో దాని వాసన అక్కడ ముందే వచ్చి కూర్చుంటుంది. క్రీములూ స్నానపు జెల్లులూ అయితే, ఎవరు రాసుకోబోతారో వాళ్ళ ఒంటిమీదే. ఒకసారి చర్చిలో ముందు వరసలో కూర్చున్న జీనెట్ మెడ దగ్గర నల్లద్రాక్ష వాసన పట్టి, “ఈసారి రక్తపిశాచి బొమ్మ ఉన్న సీసా నీదే జీనెట్” అని చెవిలో చెప్పింది పాలెట్. “పెద్ద సీసానా, చిన్నదా?” అని అడిగింది జీనెట్. అంతకుమించి ఆశ్చర్యపోలేదు.

అందుకే జూన్ వస్తే ఊళ్ళో ఆడవాళ్ళ ఫోన్లన్నీ ఒకటే ప్రశ్న పంపుతాయి: వచ్చిందా?

ఆ ఏడు రాలేదు.

వంటింట్లో రాలేదు. హాల్లో రాలేదు. పాలెట్ బేస్‌మెంట్‌లోకి దిగి వాషింగ్ మెషిన్ వెనక కూడా మూల మూలా వాసన చూసింది. బట్టల సబ్బు, తడి సిమెంటు, భర్త డ్వేన్ చేపల గాలాలు. అంతే.

రెండు వీధుల అవతల ట్వైలా హాస్కిన్స్ ఉంటుంది. పోస్టాఫీసులో చేసి రిటైరైంది, భర్త పోయాడు, పిల్లల్లేరు, నోటికి తాళం లేదు. పాలెట్ ఆమె వరండాలో కూర్చుని సంగతి చెప్పింది.

“ఏ గదిలోనూ రాలేదా?”

“ఎక్కడా లేదు.”

“అయితే నువ్వు అక్టోబరు దాకా బతకవన్నమాట,” అంది ట్వైలా, ఐస్ టీలో నిమ్మచెక్క పిండుతూ. “నీ ఎర్రకోటు ఇప్పుడే నాకిచ్చెయ్. తర్వాత నీ మరదళ్ళతో నేను పోట్లాడలేను.”

పాలెట్ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. గ్లాసు కింద పెట్టేసింది. ట్వైలా గొంతు మార్చింది. “ఏడవకే మొద్దూ. మణికట్టు వాసన చూసుకో.”

చూసుకుంది. చలిమంటలో కాల్చిన మార్ష్‌మెలో మిఠాయి, కొంచెం పొగ, తడిసిన ఆకులు. ఈ ఏటి క్రీము. తను రాసుకోబోయేది.

“ఉంది,” అంది పాలెట్.

“ఉందా? సర్లే, కోటు నీ దగ్గరే ఉంచుకో.”

మరి వంటింట్లో ఎందుకు లేదో ఆ వారమే తెలిసింది. గాజు ఫ్యాక్టరీలో రిటైరైన డ్వేన్, రాత్రి భోజనంలో మీట్‌లోఫ్ మాంసం రెండో ముక్క వడ్డించుకుంటూ, ఎడారి రాష్ట్రం అరిజోనాలో తన తమ్ముడి పక్కింటికి అడ్వాన్సు కట్టేశానని చెప్పాడు. సెప్టెంబరు కల్లా వెళ్ళిపోతారు. ఈ ఇల్లు అమ్మేస్తారు.

డ్వేన్ కొట్టే మనిషి కాదు, తాగే మనిషీ కాదు. లోకం మగవాడి దగ్గర ఇంతకన్నా యోగ్యత అడగదు కాబట్టి అతను ముప్పై మూడేళ్ళుగా మంచి భర్తగా చెలామణీ అవుతున్నాడు.

“అక్కడ ఆకులు రాలతాయా?” అని అడిగింది పాలెట్.

“రాలవు. ఇన్నేళ్ళూ ఊడ్చింది నేనేగా, ఇక ఆ బాధ తీరింది.”

“నా కొవ్వొత్తులు?”

“లారీవాళ్ళు మైనం ఎక్కించుకోరట. దారిలో కరిగి సామానంతా పాడవుతుందట. అయినా అక్కడ కొవ్వొత్తి వెలిగించడం దేనికి? బల్లమీద పెడితే అదే కరిగి ఊరుకుంటుంది!”

జోకు బాగానే ఉంది. పాలెట్ కూడా నవ్వింది. పెళ్ళయ్యాక ఆమె నవ్విన నవ్వుల్లో సగం ఇలాంటివే.

వాసన అరిజోనా వంటింట్లో తనకోసం కాచుకుని ఉంటుందని ఆమె మనసుకు సర్దిచెప్పుకుంది. ఎవరూ తొక్కని కొత్త ఇంట్లో, ఏసీ చప్పుడు మధ్య, ఒంటరిగా గుమ్మడి వాసన. తలుచుకుంటే దానిమీద జాలేసింది. పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ట్వైలా పిలిచింది. మేడమీది గదిలో ఆమె తల్లి కుట్టుమిషన్ ఏళ్ళ తరబడి పడి ఉంది. దాన్ని కిందికి దించి, గది అద్దెకివ్వాలని ఆమె ఆలోచన. ఊళ్ళో ఆస్పత్రిలో చేసే నర్సొకామె అడిగి ఉంది. ఇద్దరూ మెట్లెక్కారు. పై మెట్టు మీద పాలెట్ ఆగిపోయింది.

గుమ్మడి వాసన ముందు వచ్చింది. ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన తియ్యటి గుమ్మడి వంటకం లాంటిది కాదు. చెక్కి, గింజలు తోడేసి, లోపల దీపం పెట్టిన గుమ్మడి, అంచుల్లో కొద్దిగా కాలుతున్న వాసన. దాని వెనక మార్ష్‌మెలో, లవంగం, చలిగాలికి తెరిచిపెట్టిన కిటికీ. గదంతా నిండి ఉంది. కుట్టుమిషన్ మీద, మడతమంచం మీద, గోడ మూలల్లో.

ముక్కు అలిసిపోతే సొంత మోచేతి మడత వాసన చూసుకోవాలి. కొట్లో ఒకదాని తర్వాత ఒకటి మూతలు తెరిచే ఆడవాళ్ళందరికీ తెలిసిన కిటుకే ఇది. మనిషి ముక్కుకు తన చర్మం వాసన తెలియదు, అక్కడికి వెళ్తే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టొచ్చు. పాలెట్ మోచేయి మడిచి గట్టిగా పీల్చింది. మళ్ళీ గదిని పీల్చింది. ఏం మారలేదు.

“ఏంటే?” అంది ట్వైలా.

“దుమ్ము.”

“దుమ్ముకి మోచేయి దేనికి?”

“నోర్మూసుకుని అటు పట్టుకో.”

కుట్టుమిషన్ దించారు. సాయంత్రం ట్వైలా ఆ నర్సుకు ఫోన్ చేసి, గది ఖాళీ లేదమ్మా అని చెప్పింది. ఆ సంగతి పాలెట్‌కు చెప్పలేదు.

పాలెట్‌కు కోపం వచ్చింది. వాసన మీదే. ముప్పై మూడేళ్ళ కాపురాన్ని ఒక గుమ్మడికాయ తేల్చేస్తుందా? ఆ మరుసటి వారమంతా ఆమె తన వంటింటిని వెనిగర్‌తో కడిగింది. కిటికీలన్నీ తెరిచింది, అరల్లో మిగిలిన పాత కొవ్వొత్తులన్నీ గరాజ్‌లో పెట్టింది. దారి ఇచ్చాను, ఇప్పుడు రా అన్నట్టు నిలబడింది.

“ఇల్లంతా పికిల్స్ కంపు కొడుతోందేంటి?” అన్నాడు డ్వేన్.

జులైలో హాలోవీన్ సరుకు వచ్చే శనివారం, మాల్ తలుపులు తెరవకముందే ఆడవాళ్ళు వరస కట్టారు. చూసి తీరాల్సిన వరస అది. రాత్రి డ్యూటీ దిగి ఆ బట్టల్లోనే వచ్చిన నర్సులు. పట్టుకుని నడిచే ఫ్రేముకు దయ్యం బొమ్మ వేలాడదీసుకున్న ముసలమ్మ. చంకలో పిల్లతో, కళ్ళకింద నిద్రలేని చారలతో ఒక పడుచు. బయట ఎండ కాల్చేస్తోంది, వీళ్ళు నారింజరంగు చొక్కాలు వేసుకుని శరదృతువు సంగతులు మాట్లాడుకుంటున్నారు. పోయినేటి లవంగం ఘాటెక్కువైందనీ, మూడు వత్తులూ ఒకేసారి వెలిగించి మైనం అంచుల దాకా కరిగేవరకు ఆర్పకూడదనీ, తొందరపడి ఆర్పితే నడిమధ్య గొయ్యి పడుతుందనీ. ఏడాది పొడుగునా అందరికీ వండి, కడిగి, మోసే మనుషులు, తమ ముక్కుకు ఏం కావాలో ఇంత కచ్చితంగా తెలిసి నిలబడటం మామూలు విషయం కాదు.

పాలెట్ వెనక కోనీ నిలబడింది. బస్సు డిపోలో ఏ బస్సు ఎవరిదో తేల్చేది కోనీయే.

“చెప్పకూడదనుకో, కానీ నా నోరు ఆగదు,” అంది కోనీ. “నీ కేకు మీద పసుపు బస్సు వేయిస్తున్నాం. చక్రాలు చాక్లెట్‌వి.”

“నాకు కేకెందుకు?”

“వీడ్కోలు కేకే తల్లీ! మీ ఆయన ఫోన్ చేశాడుగా, నువ్వు మానేస్తున్నావని. పాపం, నీ నోటితో చెప్పడం నీకు కష్టంగా ఉందట కదా.”

పాలెట్ ముందుకే చూస్తూ ఉంది. “ఎప్పుడు చేశాడు?”

“మే నెలలో అనుకుంటా. బడి ఇంకా ఉంది.” కోనీ మాట మధ్యలో ఆగిపోయింది. “నీకు తెలీదా?”

అరిజోనా మాట పాలెట్ చెవిన పడింది జూన్‌లో.

అప్పుడే కొట్టు షట్టర్ పైకి లేచింది. మేనేజర్ మరీసోల్, మంత్రగత్తె టోపీ పెట్టుకుని, చేతులు రెండూ చాపి పక్కకు జరిగింది. వరస లోపలికి నడిచింది, ఎవరూ తోసుకోలేదు. నారింజ సీసాల గుట్ట దగ్గర ఆగి, పాలెట్‌కు దారిచ్చారు. ఆమె ఒక మూత తీసి లోపలి వైపు వాసన చూసింది. చెక్కిన గుమ్మడి, కాలే అంచు, మార్ష్‌మెలో, లవంగం, తెరిచిన కిటికీ.

“అదేనా?” అంది ముసలమ్మ.

“అదే.”

కొట్టంతా ఊపిరి వదిలింది. చేతులు సీసాల మీదికి వెళ్ళాయి.

పాలెట్ తన సీసా ఛాతీకి ఆనించుకుని కోనీ వైపు తిరిగింది. “నా బస్సు ఎవరికిచ్చావ్?”

“ఇంకా ఇవ్వలేదు. ఆగస్టులో ఇద్దామని.”

“ఇవ్వకు.”

“మరి కేకు?”

“కేకు చేయించు. తిందాం.”

ఇంటికొచ్చేసరికి డ్వేన్ గరాజ్‌లో పెట్టెలకు టేపు వేస్తున్నాడు. ఆమె చేతిలో సంచీ చూసి తల అడ్డంగా ఊపాడు. “మళ్ళీ కొన్నావా? లారీలో ఎక్కదని చెప్పానుగా.”

“ఎక్కదు. నేనూ ఎక్కను.”

టేపు చప్పుడులో అతనికి వినపడలేదు. “ఏమన్నావ్?”

“డిపోకి నువ్వు ఫోన్ చేశావా?”

“ఓ, అదా. నీకు ఇబ్బంది లేకుండా చేశాను. నువ్వు చెప్పలేవని.”

“నేను రోజూ బస్సెడు పిల్లల మీద కేకలేసే మనిషిని, డ్వేన్.”

అతను టేపు కింద పెట్టాడు. “ఒక కొవ్వొత్తి కోసం మొగుణ్ణి వదిలేస్తావా? ఊరంతా నవ్వుతుంది.”

“నవ్వదు. ఊళ్ళో సగం మంది పొద్దున లైన్లో నాతోనే ఉన్నారు.”

 పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, అతను నెమ్మదిగా అడిగాడు: “ఈసారి వాసన ఎక్కడొచ్చింది?”

“ట్వైలా మేడమీద.”

డ్వేన్ పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాడు. ఆ వాసన ఎప్పుడూ తప్పలేదని అతనికీ తెలుసు. “అప్పుడే చెప్పొచ్చుగా.”

“అప్పుడు నా దగ్గర వాసన ఒక్కటే ఉంది. ఇప్పుడు కారణం కూడా ఉంది.”

“నేను నీ మంచికే...” అని ఆగిపోయాడు. ఆమె మాట కలపలేదు. అతను చెప్పలేని మాటలన్నీ ఇన్నేళ్ళూ పూర్తిచేసి పెట్టింది ఆమే. ఈసారి అది గరాజ్‌లో అలాగే ఉండిపోయింది.

కొంతసేపటికి అతను లేచి, తను టేపు వేసిన పెట్టెల్లోంచి ఆమెవి వేరుచేసి గోడవారకు జరపడం మొదలుపెట్టాడు. అరిచి గోల చేయలేదు. ఆ ఒక్క విషయంలో అతన్ని మెచ్చుకోవాలి.

ఆగస్టు చివర లారీ సగం సామానుతో వెళ్ళింది. పాలెట్ మంచాన్ని జీనెట్, కోనీ, మరీసోల్ కలిసి ట్వైలా మెట్ల మీదుగా పైకి ఎక్కించారు. ట్వైలా కింద నిలబడి అటు తిప్పండి, ఇటు తిప్పండి అని అరిచింది తప్ప ఒక్క చెయ్యీ వేయలేదు. ఆ మధ్యాహ్నమే చాక్లెట్ చక్రాలున్న పసుపు బస్సును అయిదుగురూ చెంచాలతో తినేశారు.

తర్వాతి మార్చిలో పాలెట్ విడాకుల కాగితాలు అరిజోనాకు పంపింది. ముందుగా అతన్ని అడగలేదు.