గుడ్డ రెక్కలు, ఇద్దరు కెప్టెన్లు

నేను ఒక గుడ్డ విమానాన్ని. నవ్వకండి. నా రెక్కల లోపల కర్ర దూలాలు, వాటి మీద బిగించి కుట్టిన గుడ్డ, ఆ గుడ్డ మీద పూత మీద పూత రంగు. బెంగళూరులో నన్ను తయారుచేసిన రోజుల్లో చిన్న విమానమంటే ఇలాగే ఉండేది. కుర్చీలు రెండే, పక్కపక్కన. ఇద్దరు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. అందుకే నాలో ఎక్కినవాళ్లు ఎక్కువసేపు పోట్లాడుకోలేరు.

హైదరాబాదు శివార్లలోని ఒక ఫ్లయింగ్ క్లబ్బు నన్ను తెప్పించుకుంది. అక్కడ ఎంతమందికి ఎగరడం నేర్పానో నాకే గుర్తులేదు. వాళ్లు నన్ను ఎత్తి కుదేసి, చక్రాలు విరగ్గొట్టినంత పనిచేసి, లైసెన్సులు పుచ్చుకుని పెద్ద ఉద్యోగాలకు వెళ్లిపోయారు. తర్వాత క్లబ్బుకు రేకు విమానాలొచ్చాయి, వాటిలో టీవీల్లాంటి తెరలొచ్చాయి. నన్ను షెడ్డులో ఓ మూలకు తోసేశారు. పావురాలకు మాత్రం నేను బాగా నచ్చాను.

ఆ మూల నుంచి నన్ను బయటికి లాగినవాడు చంద్రమౌళి. ఒకప్పుడు నా దగ్గరే నేర్చుకున్న రాజమండ్రి కుర్రాడు, ఇప్పుడు జుట్టు నెరిసిన పెద్ద కెప్టెన్. వందలమందిని ఎక్కించుకుని సముద్రాలు దాటే జెట్ విమానం నడుపుతాడు. ఆయనతో వినీల వచ్చింది. అదే కంపెనీలో చాలాకాలం ఆయన పక్క సీట్లో సహాయ పైలట్‌గా పనిచేసి, తర్వాత తానూ కెప్టెనైంది. ఇద్దరూ సెలవు రోజుల్లో వచ్చి, పావురాల రెట్టలు కడిగి, చిరిగిన గుడ్డ మార్పించి, నన్ను మళ్లీ గాల్లోకి లేపారు.

మనుషుల తిక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు. వారమంతా ఆకాశంలోనే ఉంటారు, సెలవు దొరకగానే మళ్లీ ఆకాశంలోకే పరిగెడతారు. “అక్కడ ఏసీలో కూర్చుని మీటలు నొక్కడమేనమ్మా. ఎగిరేది అది. ఇక్కడ ఎగిరేది మనం,” అనేవాడు చంద్రమౌళి. నా చెక్క ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే తప్ప ఇంజను అందుకోదు. తిప్పడం ఒకరి వంతు, నడపడం మరొకరి వంతు. కుదేసి దింపినవాళ్లు ఆ రోజు అందరికీ మిర్చిబజ్జీలు పెట్టించాలి. చెరువుల మీదుగా, సీతాఫలం చెట్ల గుట్టల మీదుగా తిరిగేవాళ్లం. కిటికీ తెరిచి, గాలి ముఖాన కొడుతుంటే ఇద్దరూ పిల్లల్లా నవ్వేవాళ్లు. నేను అంత సంతోషపడ్డ కాలం మరొకటి లేదు.

చంద్రమౌళికి రిటైర్మెంటు దగ్గరపడింది. జెట్ ఎలాగూ చేజారిపోతుంది, నేనున్నాననే ధీమాతో ఉన్నాడు. “ఇక నాకు మిగిలేది ఇదొక్కటే,” అంటూ నా ముక్కు మీద తట్టేవాడు.

ఒక ఆదివారం, వరసగా దూరదేశాల డ్యూటీలు చేసి, ఆయన తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. చిక్కు అక్కడే వచ్చింది. జెట్‌లో పైలట్ కూర్చునేది మేడ ఎత్తున. చక్రాలు నేలను తాకినా ఆయన కళ్లు ఇంకా మేడ మీదే ఉంటాయి, కళ్లకు అదే అలవాటైపోతుంది. నాలో కూర్చుంటే మాత్రం ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టే, నేల పక్కనే ఉంటుంది. ఆ తేడా వాళ్లకు తెలియనిది కాదు. బయల్దేరేముందు ఒకరికొకరు గుర్తుచేసుకునేవాళ్లు. ఆ రోజు కబుర్లలో పడి మరిచిపోయారు.

నడపడం చంద్రమౌళి వంతు. దిగుతున్నాం. రన్‌వే ఇంకా మేడంత కిందనుండగానే ఆయన నా ముక్కు పైకెత్తి, ఇంజను జోరు తీసేశాడు. నేల తాకబోయే క్షణంలో చేసే పని అది. ఆయన లెక్కలో నేల వచ్చేసింది. వినీల గమనించింది. ఆమె కుర్చీలో బిగుసుకోవడం నాకు తెలిసింది. జెట్‌లో అయితే గట్టిగా చెప్పేది, అక్కడ అది రూలు. ఇక్కడికి మాత్రం యూనిఫారంతో పాటు రూల్సు కూడా ఇంట్లో వదిలి వచ్చారు. పక్కనున్నది గురువులాంటి మనిషి, పైగా వచ్చింది సరదాకి.

“సార్, కొంచెం ఎత్తుగా ఉన్నామేమో,” అంది, తనకే వినపడనంత మెల్లగా.

వేగం తగ్గిపోయి, గాలి నన్ను వదిలేసింది. దభేల్మని పడ్డాను. చక్రాలు విరిగాయి, ఎడమ రెక్క నేలకు కొట్టుకుని లోపలి దూలం ఫెళ్లుమంది. వాళ్లిద్దరికీ గీతలు తప్ప ఏమీ కాలేదు. ఆ ఒక్క విషయంలో నాకు తృప్తి ఉంది.

చంద్రమౌళి రెక్క కింద చేయి పెట్టి, విరిగినచోట తడిమి చూశాడు.

“నువ్వు చూడలేదామ్మా?”

“చూశాను సార్. చెప్పాను కూడా.” అంది వినీల. “మెల్లగా చెప్పాను.”

ఆ రోజు బజ్జీల మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంత పాతదానికి కొత్త దూలం వేసి, ఎగరనిస్తామన్నవాళ్లు దొరకలేదు. పైపైన అతికి, రంగులేసి, క్లబ్బు పాఠాల హాల్లో కప్పుకు గొలుసులతో వేలాడదీశారు. వినీల ఇప్పుడు సెలవుల్లో అక్కడ కొత్తవాళ్లకు పాఠం చెబుతుంది. “తప్పు కనబడితే గట్టిగా చెప్పండి, పక్కన ఎవరున్నా సరే,” అంటుంది. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడదు. నాకు ఆమె మీద కోపం లేదు. ఆకాశం మీద బెంగ ఉంది, అంతే.

రిటైరయ్యాక చంద్రమౌళి ఒక్కసారే వచ్చాడు. నా కింద నిలబడి తలెత్తి చూశాడు. నేను వేలాడుతున్నది మేడ ఎత్తున.

“వినీలా, ఆ రోజు నేను నేల అనుకున్నది ఇంత ఎత్తులోనే కదూ?”

“అవును సార్, ఇంత ఎత్తులోనే,” అంది వినీల. ఈసారి హాలంతా వినపడింది.