గోడవైపు కుర్చీ

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురం. ముందు గదిలో కుర్చీ మీద అమ్మ. ఆమెకు ఎదురుగా, స్టూలు మీద ప్రభుత్వ ఆసుపత్రి నర్సు. మంచం మీద అమ్మమ్మ. గడప దగ్గర పిన్ని. మిల్లులో అమ్మ నడిపే మరమగ్గాల పక్కవే పిన్ని నడుపుతుంది. లోపలి గది తలుపుకు ఆనుకుని నేను. నాన్న పనికి వెళ్లాడు.

నర్సు వచ్చింది అమ్మ చెవులు పరీక్షించడానికి. మిల్లులో ఆ మోత మధ్య ఈ పరీక్ష కుదరదు కాబట్టి, సెలవు రోజున ఇంటింటికీ తిరుగుతుంది. ఆమె పెట్టెలో ఒక చిన్న యంత్రం, చెవులకు తగిలించే రెండు డిప్పలు ఉంటాయి. యంత్రం మీద మీట నొక్కితే డిప్పలో సన్నగా కూత వినపడుతుంది. వినపడగానే వేలెత్తాలి. అంతే. పోయిన రెండేళ్లూ అమ్మ కార్డు మీద ‘వినికిడి బాగుంది’ అని రాశారు.

ఎలా బాగుందో నేను ముందురోజే చూశాను. వంటగదిలో పిన్ని అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుంది. బొటనవేలితో దాని మీద నొక్కుతోంది. నొక్కినప్పుడల్లా అమ్మ వేలెత్తుతోంది.

“కంగారు పడకక్కా. మీట నొక్కేముందు నర్సు బొటనవేలి కణుపు కాస్త తెల్లబడుతుంది. అది చూసి ఒక్క క్షణం ఆగి ఎత్తు. మరీ వెంటనే ఎత్తితే దొరికిపోతాం,” అంది పిన్ని.

“నువ్వు పోయినసారి నీ పరీక్షలో ఆవిడ నొక్కకముందే ఎత్తేశావుగా,” అంది అమ్మ.

“తుమ్ము వచ్చిందని చెప్పానులే.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

అమ్మ సంగతి నాకు వేసవిలో తెలిసింది. నేను తల వంచుకుని మాట్లాడే పిల్లని. “తలెత్తి మాట్లాడవే” అని అమ్మ రోజూ అంటుంటే, నా బెరుకు పోగొట్టడానికేమో అనుకునేదాన్ని. ఒక సాయంత్రం కరెంటు పోయింది. బియ్యం అయిపోయాయని చెప్పాను. ఏమిటంది. మళ్లీ చెప్పాను. మళ్లీ ఏమిటంది. దీపం వెలిగించి అదే మాట అదే గొంతుతో చెబితే, “పొద్దున్నే చెప్పొద్దూ?” అని కసిరింది. అమ్మ నా మాటలు వినడం లేదు, నా పెదాలు చూస్తోంది. ఆ రోజు నుంచి నేను రాసుకునే పుస్తకంలో చివరి పేజీల్లో రాస్తూ వచ్చాను. కుక్కరు ఐదు కూతలు కూసింది, అమ్మ పక్కనే ఉంది, పొయ్యి కట్టేయలేదు. వీధిలో లారీ హారన్ కొట్టింది, అమ్మ పక్కకు జరగలేదు. నాన్న ఆమె కొంగు పట్టి లాగాడు.

“నాకూ చూడమ్మా,” అంది అమ్మమ్మ నర్సుతో. “చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది నాకు. ఒక కార్డు నాకూ రాసివ్వు.”

“మీకు పరీక్ష అక్కర్లేదు పెద్దమ్మా. కాసేపు మాట్లాడకుండా ఉంటే చాలు.”

“అదే కష్టం,” అంది పిన్ని.

ఫ్యాను ఆపారు. పరీక్ష మొదలైంది. అమ్మ చూపు నర్సు చేతి మీదే ఉంది. వేలు లేచింది, దిగింది, మళ్లీ లేచింది. ఒక్కటి తప్పలేదు. నర్సు టిక్కులు పెట్టుకుంటూ పోయింది. ఆమె ముఖం చెమటతో నిండిపోయింది. ఇంకా ఏడిళ్లకు వెళ్లాలట.

“బాగుందమ్మా,” అంటూ డిప్పలు తీసి పెట్టె మూత దించింది. మూత మీద అతికించిన కాగితం నా వైపుకు తిరిగింది. అచ్చులో ఏమున్నా చదివేయడం నాకు అలవాటు. ‘పరీక్ష చేయించుకునే వ్యక్తికి యంత్రం, పరీక్షించేవారి చేతులు కనిపించరాదు.’

నర్సు పెన్ను మూత తీసింది. ఆ రెండు మాటలు రాస్తే ఇంకో ఏడాది దాకా ఎవరూ చూడరు. మిగిలిన కాస్త వినికిడి కూడా అప్పటికి ఉంటుందో ఉండదో.

“సిస్టర్,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. “అమ్మ గోడవైపు తిరిగి కూర్చోవాలి కదా. మూత మీద రాసుంది.”

పిన్ని చూపుకు కత్తి ఉంటే నేను అక్కడే రెండు ముక్కలయ్యేదాన్ని. నర్సు మూత వంక, అమ్మ వంక, తర్వాత తన బొటనవేలి వంక చూసుకుంది. లేచి, తనే కుర్చీని గోడవైపు తిప్పింది.

రెండోసారి నర్సు మీట నొక్కింది. అమ్మ వేలు లేవలేదు. ఇంకాస్త గట్టి కూత పెట్టి నొక్కింది. లేవలేదు. చాలాసేపటికి, నర్సు చేయి మీట మీద లేనప్పుడు, అమ్మ వేలు మెల్లగా లేచింది. సరేనా అని అడుగుతున్నట్టు కాసేపు గాల్లోనే ఉంది. అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నర్సు స్టూలు జరుపుకుని అమ్మ ముందుకు వచ్చింది. నిదానంగా, నోరు బాగా కదుపుతూ చెప్పింది. “పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. గురువారం పెద్దాసుపత్రిలో చెవి డాక్టరు ఉంటారు. చెవికి పెట్టుకునే మిషన్ ఉచితంగా ఇస్తారు. మోత లేని చోట పని ఇవ్వమని వాళ్లే మిల్లుకు కాగితం పంపుతారు.”

“మోత లేని చోటంటే మడతల గదే,” అంది పిన్ని. “మాతో మగ్గాల మీద చేసిన పొడుగుజడ అక్కని అక్కడికే పంపారు. నాలుగు నెలలు తిరక్కుండా, పని లేదు ఇంటికి పొమ్మన్నారు. మీ కాగితం అక్కడ ఎవరు చదువుతారు సిస్టర్?”

“అలా తీసెయ్యకూడదు. తీసేస్తే నాకు చెప్పండి, నేను పైకి రాస్తాను. పైవాళ్లు ఎప్పుడు చూస్తారో మాత్రం చెప్పలేను.”

ఆ మాట నిజాయితీగా అంది. అందుకేనేమో అమ్మ నోరు విప్పింది.

“నా భయం పని గురించి కాదు సిస్టర్. మగ్గాల దగ్గర ఎవరికీ ఏమీ వినపడదు. అందరం పెదాలు చూసే మాట్లాడుకుంటాం. అక్కడ నేనూ అందరిలాంటిదాన్నే. మడతల గదిలో వాళ్లు తలలు వంచుకుని బట్ట మడుస్తూ పొద్దస్తమానం కబుర్లు చెప్పుకుంటారు. అందరూ నవ్వుతుంటే నేను చూస్తూ కూర్చోవాలి.”

నర్సు చీటీ రాసి అమ్మ ముందు పెట్టింది. “మీరు వెళితేనే మిల్లుకు కబురు పోతుంది. వెళ్లకపోతే ఈ కాగితం ఇక్కడే ఉంటుంది. నేను లాక్కెళ్లలేను కదా.”

అమ్మ దాన్ని ముట్టుకోలేదు. లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

నర్సు పెట్టె సర్దుకుని పక్కింటికి బయల్దేరింది. తన ఇంటికీ వస్తుందని పిన్ని ఆమె వెనకే లేచింది. వెళుతూ నా దగ్గర ఆగింది. “నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాం. మొలవక మొలవక ఇవాళే మొలిచిందా?” అంది. నవ్వుతూ అనలేదు.

నేను చీటీ తీసుకుని లోపలి గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నన్ను చూసి చేతులు ఆపింది.

“నీకెప్పట్నుంచి తెలుసు?”

“వేసవి నుంచి.”

“నాతో చెప్పొచ్చుగా.”

“రెండుసార్లు చెప్పానమ్మా, నీకు వినపడలేదు,” అన్నాను. ఈసారి తలెత్తే అన్నాను.

అమ్మ నా పెదాల నుంచి చూపు తీసి కళ్లలోకి చూసింది.

“సిస్టర్‌తో మాత్రం ఒక్కసారికే వినపడేలా చెప్పావు,” అంది.

దగ్గరికొచ్చి నా చేతిలోని చీటీ తీసుకుంది. గురువారం నేనూ వస్తానని చెప్పబోయాను. నేను నోరు తెరిచేలోపే తలుపు వేసేసుకుంది.