కెప్టెన్ కోరిన పిన్ను

హుస్సేన్ వలిది రాయచోటి. కువైట్‌లో ఒక లోహ పరిశోధనశాలలో ఎనిమిదేళ్ళుగా పొయ్యి మేస్త్రీ. పొయ్యి అంటే బొగ్గులది కాదు. లోపలి గాలంతా పీకేసి, ఆర్గాన్ వాయువు నింపి, కరెంటు మెరుపుతో టైటానియాన్నీ అల్యూమినియాన్నీ కలిపి కరిగించే అర టన్ను యంత్రం. కరిగేటప్పుడు పిసరంత గాలి తగిలినా సరుకు చెడిపోతుంది. ఒక్కసారి కరిగిస్తే రెండూ సరిగా కలవవు. అందుకే వలి ప్రతి బిళ్ళనూ జొన్నరొట్టె తిప్పినట్టు ఐదుసార్లు తిప్పి మళ్ళీ మళ్ళీ కరిగించేవాడు.

అలా తయారైన టైటానియం అల్యూమినైడ్ తీరే వేరు. విమానం ఇంజన్లలో వాడే బరువు లోహాల్లో సగం తూగుతుంది. ఎర్రగా కాలినా జావగారిపోదు. కానీ చల్లగా ఉన్నప్పుడు మాత్రం మహా పెళుసు. ఇనుములా వంగి ముందే హెచ్చరించడం దానికి తెలియదు, నూనెలో కాల్చిన నిప్పట్టు చెక్కలా పుటుక్కుమంటుంది.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. ఈజిప్టు ఇంజనీరు అప్పటికే సెలవు మీద కైరోలో ఉన్నాడు. అధికారులు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. ఖైతాన్ పేటలోని తన గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతోందని వలి రోజూ ల్యాబుకే వచ్చి యంత్రాన్ని తుడుస్తుండేవాడు. తోడుగా కడప పెద్దక్క ఉండేది. ల్యాబు ఊడ్చే మనిషి, నోరు పదునైన మనిషి.

నెలాఖరులో ఒక ఇరాకీ కెప్టెన్ నలుగురు సైనికులతో దిగాడు. పొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగి, దీన్ని బాగ్దాద్ తీసుకుపోతున్నానన్నాడు. సాయంత్రానికి లారీ వస్తుందట. ఈలోగా సైనికులు మూడు టీవీలు, ఒక అద్దాల షాండిలియరు, పింగాణీ సామాను పెట్టెలు తెచ్చి పొయ్యి పక్కనే పేర్చారు. సాల్మియా పేట ఇళ్ళను దోచి కెప్టెన్ సొంతానికి ఏరుకున్న సరుకది. పై ఆఫీసరుకు తెలియకుండా అదే లారీలో ఎక్కించాలని అతని ఎత్తు.

పొయ్యిని లేపడానికి పైన చైన్ బ్లాక్, అంటే గొలుసు కప్పీ, ఉంది. తీరా చూస్తే, దాని కొక్కేన్ని పట్టి ఉంచే పిన్ను కనబడలేదు.

వలి పెద్దక్క వైపు చూశాడు. ఆమె బకెట్లో మాపును అవసరానికి మించి ముంచుతోంది.

“అక్కా, పిన్ను గానీ చూసినావా?”

“నాకేం తెలుసబ్బీ? మురికినీళ్ళలో చెయ్యి పెట్టి వెతుక్కోమను వాన్ని” అంది గొణుగుతూ.

వలి నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. కెప్టెన్ విసుక్కున్నాడు. “కొత్త పిన్ను చెయ్యి. యల్లా, తొందరగా!”

వలి ఒక ఇనుప కడ్డీ తీశాడు. కెప్టెన్ చూపు మాత్రం బల్ల మీది వెండి రంగు కడ్డీల మీద పడింది. “అవేంటి?”

“విమానం ఇంజన్ల కోసం చేసే లోహం సార్” అన్నాడు వలి తనకొచ్చిన అరబీలో. “మీకు ఈ ఇనుము చాలు.”

“ఇనుము నాకా?” కెప్టెన్ మీసం లేచింది. “దాని బలమేంటో చూపించు.”

వలి చిటికెన వేలంత లావున్న కడ్డీలు రెండు, ఒకటి ఇనుముది, ఒకటి అల్యూమినైడ్‌ది, బల్లకున్న వైసు దవడల మధ్య అడ్డంగా బిగించాడు. కొసలకు సమానంగా బరువులు వేలాడదీసి, గ్యాసు మంటతో రెంటినీ ఎర్రగా కాల్చాడు. ఇనుప కడ్డీ నెమ్మదిగా తల వంచింది. రెండోది ఇసుమంత కూడా వంగలేదు. సైనికులు “వల్లా!” అని నోళ్ళు తెరిచారు.

“కాలినప్పుడే ఇంత గట్టిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు ఇంకెంత గట్టిగా ఉంటుందో!” అన్నాడు కెప్టెన్.

“ఆ మాట మీరన్నారు సార్” అన్నాడు వలి వినయంగా.

ఈ లోహాన్ని మామూలుగా నీళ్ళు పోస్తూ, ఓపికగా సాన పట్టాలి. తొందరపడితే కంటికి కనబడని బీటలు పడతాయి. కెప్టెన్ నెత్తిన నిలబడి యల్లా యల్లా అంటుంటే వలి కాదనలేదు. కొత్త కడ్డీ తీసి, నీళ్ళ కుళాయి జోలికి పోకుండా చక్రానికేసి అదిమాడు. తెల్లని నిప్పురవ్వలు రాలాయి. గంటలో పిన్ను తయారైంది. తళతళలాడే ఆ పిన్నును కెప్టెన్ స్వయంగా దూర్చాడు.

గొలుసు లాగారు. పొయ్యి నేల విడిచి మూరెడు లేచింది. వలి దాని మీదనుంచి చూపు తిప్పలేదు. పిన్ను మీద భయం కాదు, పొయ్యి మీద ప్రేమ. పెద్దక్కను చెయ్యి పట్టి గోడ దగ్గరికి లాగాడు. సైనికులను కూడా గొలుసు అందేంత దూరంలో నిలబడి లాగమన్నాడు. వాళ్ళలో ఒకడు హుషారుగా గొలుసును జాడించి లాగాడు.

టక్!

పొయ్యి సగం ఒరిగి, సరిగ్గా టీవీల మీద కూర్చుంది. షాండిలియరు వర్షంలా కురిసింది. కప్పులూ సాసర్లూ పొడి అయ్యాయి. ఎవరికీ గీత కూడా పడలేదు. సైనికుల్లో ఇద్దరు గోడవైపు తిరిగి భుజాలు అదిరేలా నవ్వుకున్నారు.

కెప్టెన్ చెయ్యి పిస్తోలు మీదికి పోయింది. “దొంగ! విమానం లోహమన్నావు!”

వలి చూపు ఆ చేతి మీదే ఉంది. అయినా అన్నాడు: “విమానం ఇంజనులో నిప్పు ఉంటుంది సార్. ఇక్కడ లేదు.”

పెద్దక్క ముందుకొచ్చింది, చీపురు చేతిలోనే. వచ్చీరాని అరబీలో అమాయకంగా అడిగింది: “బాబా, పెద్దాఫీసరొచ్చి ఈ టీవీలెవరివంటే నేనేం చెప్పాల?”

కెప్టెన్ బిగుసుకుపోయాడు. పగిలిన టీవీల వైపు, నవ్వుతున్న సైనికుల వైపు, చీపురు వైపు చూశాడు. చివరికి పిస్తోలు వదిలేసి, “ఇక్కడ ఏమీ జరగలేదు. ఖలాస్!” అని, ఆ గాజుపెంకులు ఊడ్చేయమని విసవిసా వెళ్ళిపోయాడు. సాయంత్రం లారీ రాలేదు.

అప్పుడు వలి నేలమీద చతికిలబడ్డాడు.

“ఏమప్పా, ఇప్పుడా కూలబడేది?” అంది పెద్దక్క. తనూ చీపురు పక్కన పడేసి అతని పక్కనే కూలబడింది.

పొయ్యికి ఒక కాలు సొట్టపోయింది, అంతే. ఇద్దరూ దానిమీద పాత గోనెపట్టాలు కప్పి, ముందు చెత్తడబ్బాలు అడ్డం పెట్టారు. రెండు వారాల తర్వాత బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, బొంబాయి విమానం ఎక్కారు.

యుద్ధం ముగిశాక, తొంభైరెండులో వలి కువైట్ తిరిగొచ్చేసరికి ఈజిప్టు ఇంజనీరు ల్యాబులోనే, గోనెపట్టాలు తీసేసిన పొయ్యి పక్కనే ఉన్నాడు. కథంతా విన్నాక మెచ్చుకుంటాడని వలి ఎదురుచూశాడు. ఆయన పెన్ను తీసి, “బరువెంత? జాడించి లాగారా, నెమ్మదిగానా? విరిగిన ముక్కలేవీ?” అని అడిగాడు.

ఆ రోజు గాజుపెంకుల్లోంచి ఏరి దాచుకున్న ముక్కలు పెద్దక్క దగ్గర ఉన్నాయి. ఆమె కూడా తిరిగొచ్చి, కువైట్‌లోనే ఎగైలా అనే చోట కొత్త పనిలో చేరింది. ఫోను చేస్తే, “ఇచ్చేది లే, నా తలుపు గడియకు వాటినే పెట్టుకున్యా” అంది. వలి నవ్వలేక చచ్చాడు.