నలభై ఒకటో గింజ

కాలరు మీద ఇస్త్రీపెట్టె మూడోసారి నడిపాడు జడ్సన్. ఆ తెల్లచొక్కాకు ఏడాదికి రెండే డ్యూటీలు: క్రిస్మసు ఒకటి, దోహా తెలుగు సంఘం అధ్యక్ష ఎన్నిక ఒకటి. చొక్కా లోపలి మనిషికి మాత్రం వారానికి ఆరు రోజులు. యాభై రెండేళ్ళ ఒళ్ళు, అరిగిన మడమలు, చెవి వెనక పెన్సిలు. ఏసీల కంపెనీ స్టోరులో ఏ నట్టు ఏ అరలో ఉందో పన్నెండేళ్ళుగా కళ్ళు మూసుకుని చెబుతున్నాడు. తనెక్కడున్నాడని అడిగినవాళ్ళు లేరు.

"ఏం జడ్సనన్నా, ఓటెయ్యనీకి పెండ్లికొడుకు లెక్క తయారైనవ్?" అన్నాడు పక్కమంచం మీది హమీదుద్దీన్. నిజామాబాద్ మనిషి, ట్రెయిలర్ డ్రైవరు.

"ఉన్నది ఒక్క ఓటు తమ్ముడూ. అదైనా నలక్కుండా వెయ్యాలి కదా మరి."

"రేపు దవాఖానకు నీ వెంబడి ఎవరొస్తరు? నాకు సల్వా బార్డర్ డ్యూటీ పడ్డది. ఆదివారం దాక నేను మాఫీ, ఈడ ఉండ."

"సంఘం ఉందిగా!"

రేపు శనివారం పొద్దున్న పెద్దాసుపత్రిలో గుండెకు ఆపరేషను. నరసాపురంలో ఉన్న భార్య అమృతమ్మకు రాయలేదు. ఒక గుండె కోసం రెండు గుండెలు కొట్టుకోవడం ఎందుకని. అతనికి కావలసింది ఒకటే: మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి తెలుగులో పేరుపెట్టి పిలిచే గొంతు.

ఎన్నిక ఘర్రాఫా పేటలో ఒక విల్లాలో. మొదటేడు చీటీల మీద ఓట్లు రాయిస్తే దస్తూరీలు పోల్చేసుకుని రెండు కుటుంబాలు మాటలు మానేశాయి. అప్పట్నుంచీ ఖర్జూరం పద్ధతి. గుమ్మంలో తలా ఒక పండు ఇస్తారు. తిని, తెర వెనక్కి వెళ్ళి, రెండు పాలపొడి డబ్బాల్లో నచ్చినవారి డబ్బాలో గింజ వెయ్యాలి. గింజకు దస్తూరీ ఉండదు కదా!

పళ్ళెం పట్టుకున్న వసుంధరగారు చిరునవ్వుతో పండు అందించింది.

"మీరు కొత్తగా వచ్చారాండీ?"

"పన్నెండో ఎన్నికండి."

ఎన్నికలైతే పన్నెండు చూశాడు గానీ, జనంలో ఎన్నిక లేని మనిషి.

పోటీలో సుధాకరరావు, రామకృష్ణారావు. ఒకరు ఇంజనీరు, ఒకరు అకౌంట్స్ మేనేజరు. నాలుగేళ్ళుగా కుర్చీ వీళ్ళిద్దరి మధ్యే అటూ ఇటూ ఊగుతోంది. అది ఊగే ఉయ్యాలగా మారిందే గానీ ఎవర్నీ కూర్చోబెట్టి పలకరించింది లేదు.

"జాన్సన్‌గారూ! రండి రండి!" సుధాకరరావు భుజం తట్టాడు.

"జడ్సనండి. చిన్న మనవి. రేపు ఆసుపత్రిలో నాకు..."

"ఆసుపత్రా? నన్ను గెలిపించండి, మెడికల్ క్యాంపే పెట్టించేద్దాం!" అంటూనే ఆయన చెయ్యి ఇంకో భుజం మీదికి దాటిపోయింది.

రామకృష్ణారావు కాస్త నయం. ఆగి విన్నాడు.

"గుండేనా? మా బావమరిదికీ చేశారు, గుండ్రాయిలా ఉన్నాడు. ఏం కాదు! ఉగాదికి మెజీషియన్ని రప్పిస్తున్నాం, ముందు వరసలో కూర్చుందురుగాని. యల్లా, పదండి, ఓటు వేసెయ్యండి."

ఇద్దరూ రావులే. పిలిచినచోటికి రాకపోవడం పేర్లలోనే ఉంది.

తెర వెనక జడ్సన్ చాలాసేపు నిలబడ్డాడు. గింజ నాలుక కింద ఉంది. ఈ డబ్బా చూశాడు, ఆ డబ్బా చూశాడు. పన్నెండేళ్ళలో అతనికి కోపం రావడం అదే మొదలు, అదీ ఎవరికీ వినబడని కోపం. గింజను రుమాల్లో తుడిచి జేబులో వేసుకున్నాడు. 'రేపు ఎవరొస్తే వారికే' అనుకున్నాడు. ఆ మాట బయటికి చెప్పి ఉంటే బావుండేది. మొహమాటం.

సాయంత్రం లెక్క తేలింది. ఇరవై, ఇరవై. పంచిన పళ్ళు మాత్రం నలభై ఒకటి! ఒక్క గింజ కోసం రెండు వర్గాలూ మూడు రోజులు గింజుకున్నాయి. నలభై మంది ప్రమాణాలు చేశారు. సభ్యుల పుస్తకంలో చివరికి ఒక్క పేరు మిగిలింది.

"జడ్సన్ అంటే ఎవరండీ?" అన్నాడు రామకృష్ణారావు.

"ఆసుపత్రి ఆసుపత్రి అన్నాడే, ఆయనేమో!" అన్నాడు సుధాకరరావు.

సోమవారం మధ్యాహ్నం రెండు కార్లు ఆసుపత్రి ముందు ఆగాయి. రెండు పూలగుత్తులు ఒకే వార్డులోకి వచ్చాయి. మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

మలయాళీ నర్సు వచ్చీరాని హిందీలో చెప్పింది. శనివారం సాయంత్రం కళ్ళు తెరిచాడు. తలుపు వైపు చూసి తన భాషలో ఏదో అడిగాడు, ఎవరికీ అర్థం కాలేదు. ఆదివారం తెల్లవారకముందే పోయాడు. డ్రైవరు స్నేహితుడొచ్చి చాలాసేపు ఏడ్చి, తెల్లచొక్కా తీసుకెళ్ళాడు.

"ఇదొకటి మిగిలిపోయింది. చొక్కా జేబు చూపించి తీయించుకుని పిడికిట్లో పట్టుకున్నాడు. మీవాళ్ళదేనా?"

రెండు చేతులు ముందుకు సాగి, ఒకదాన్నొకటి చూసుకుని ఆగిపోయాయి.

నర్సు దాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మాత్రలిచ్చే చిన్న ప్లాస్టిక్ గిన్నెలో, శుభ్రంగా తుడిచిన ఖర్జూరపు గింజ.