కొంగపిల్లను పెంచిన వాగుడుకాయ

పక్షుల సంరక్షణ కేంద్రంలో ఆవిడని అందరూ వాగుడుకాయ అంటారు. నోట్లో నువ్వుగింజైనా నానదు. అలాంటి మనిషికి, ఏం చూసి నమ్మాడో గానీ, ఆఫీసరు కొంగపిల్లను పెంచే పని అప్పగించాడు. ఆ పనిలో దాని ముందు నోరు విప్పకూడదు, ముఖం చూపించకూడదు. పిల్ల మనిషికి మాలిమైందంటే రేపు వేటగాడి వెనకాల కూడా నడుచుకుంటూ పోతుంది మరి! అందుకని ఆవిడ ఒళ్లంతా తెల్లటి ముసుగు వేసుకుని, చేతికి కొంగతల బొమ్మ తొడుక్కుని, ఆ బొమ్మ ముక్కుతోనే చేపలు అందించేది.

పొద్దంతా మూగనోము పట్టినట్టు ఉండి, ఇంటికొచ్చాక ఆ కరువంతా తీర్చుకునేది.

"ఆ కొంగదే అదృష్టం," అనేది అత్తగారు చెవులు మూసుకుంటూ.

పిల్లకు రెక్కలొచ్చాయి. వదిలేసే ముందు ఆఖరి పరీక్షగా, ముసుగు లేకుండా మామూలు మనిషిలా దాని ఎదటికి వెళ్లమన్నాడు ఆఫీసరు.

వెళ్లింది. చెరువు ఒడ్డున కొంగ తలెత్తి చూసింది. ఇన్నాళ్లూ గొంతులో ఆపుకున్న మాట ఇక ఆగలేదు.

"బాగున్నావా తల్లీ?"

ఆ గొంతు వినగానే కొంగ బెదిరిపోయింది. నీళ్లు చిమ్ముకుంటూ లేచి, అవతలి ఒడ్డు దాటి ఎగిరిపోయింది.

"మనిషంటే భయపడుతోంది. నీ పెంపకం నెగ్గిందమ్మా!" అన్నాడు ఆఫీసరు సంబరంగా.

ఆవిడ తలూపింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎంతసేపటికీ చప్పుడు లేకపోయేసరికి, అత్తగారే వచ్చి పక్కన కూర్చుని, "ఏదో ఒకటి వాగవే," అంది.