పేరు లేని పిల్లల ఫోటోలు

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఐస్‌లాండులో దానికి తిరగేత. ఆలు ఉంటుంది, కొడుకూ ఉంటాడు, ఉయ్యాల్లో కాళ్లు తన్నుతూ ఉంటాడు, పేరు మాత్రం ఉండదు. తల్లిదండ్రులు ఏదో ఒకటి అనుకునే ఉంటారు గానీ, పాస్టరు వచ్చి నెత్తిన నీళ్లు చల్లే రోజు దాకా బయటపెట్టరు. అందాకా మగపిల్లలందరూ బుడ్డోళ్లే, ఆడపిల్లలందరూ బుజ్జులే.

ఆ బుడ్డోళ్లనీ బుజ్జులనీ ఫోటోలు తీయడమే నా బతుకు. మొదట్లో మా నాన్న స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసేదాన్ని. చేపల పడవల వాళ్లు వచ్చి కుర్చీలో కూర్చుని, నేనేదో పన్ను పీకబోతున్నట్టు చూసేవారు. ఒకసారి ఒకావిడ తల దువ్వుకోవడానికి చంకలోని పాపను నా చేతికిచ్చింది. ఆ పాప నా ముక్కు పట్టుకుని కిలకిలా నవ్వింది. అంతే, పెద్దవాళ్ల మొహాల మీద నాకు మోజు పోయింది.

గిలక్కాయలూ రబ్బరు బాతులూ ఏ ఫోటోగ్రాఫరు దగ్గరైనా ఉంటాయి. నా కిటుకు వేరు. నాలుగైదు నెలలు నిండిన పిల్లలైతే, తల్లిని నా వెనక నిలబెట్టి, "ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏమని పిలుస్తావో అలా పిలువమ్మా" అంటాను. ఆమె సిగ్గుపడుతూ దాచుకున్న పేరు గుసగుసగా పలుకుతుంది. బిడ్డ చటుక్కున తల తిప్పి కళ్లు విప్పార్చి చూస్తుంది. ఆ చూపు ఏ బాతును చూపించినా రాదు. అలా ఊళ్లో సగం మంది పిల్లల పేర్లు వాళ్ల అమ్మమ్మల కంటే ముందు నాకే తెలుస్తాయి.

పెదవి దాటితే పృథివి దాటుతుందని నాకు తెలుసు. ఇన్నేళ్లలో ఒక్క పేరూ నా పెదవి దాటలేదు. నేను చెప్పుకునే గొప్పల్లో నిజమైన గొప్ప అదొక్కటే.

నా కిటుకు ఊరందరికీ తెలుసు కనక, ఈతకొలను పక్కనున్న వేడినీళ్ల తొట్టిలో దిగితే చాలు, పేర్లు లాగడానికి నా మీద పడతారు. ఒకరోజు కొల్లి పట్టుకున్నాడు. నాతో బళ్లో చదువుకున్నవాడు, బతుకంతా చేపల పడవ మీద గడిపినవాడు. అసలు పేరు కోల్బేన్. అలా పిలిచేవాళ్లు అతని అమ్మానాన్నలతోనే పోయారు. ముందు రోజే అతని చిన్నకూతురు సోల్రూన్ ఐదు నెలల కొడుకుని నా దగ్గరికి తెచ్చింది.

"ఏమే హల్లా, మా బుడ్డోడి పేరు విన్నావంట?"

"విన్నా."

"చెప్పు మరి."

"నీళ్లు ఇవాళ బాగా వేడిగా ఉన్నాయి కదూ."

"నీళ్ల సంగతి ఎవడడిగాడే! సరే, చెప్పొద్దులే. నా పేరా, కాదా? తలూపు చాలు."

"మెడ పట్టేసింది."

తొట్టిలో వాళ్లంతా పకపకా నవ్వారు. కొల్లి నవ్వలేదు. మిగతావాళ్లు లేచి వెళ్లాక గొంతు తగ్గించాడు.

"పెద్దది కొడుక్కి వాళ్ల మావగారి పేరు పెట్టుకుంది. నడిపిది ఎవడో పాటలు పాడేవాడి పేరు పెట్టుకుంది. రెండుసార్లూ కొత్త చొక్కా తొడుక్కుని పళ్లికిలించుకుంటూ కూచున్నా. మూడోసారి నా వల్ల కాదు హల్లా. పేరు పెట్టే రోజు పడవేసుకుని చేపలకు పోతా. గాలి బాగుంది, పోయానని చెప్తా. ఇది నీ కడుపులోనే ఉంచుకో."

"పోకు కొల్లీ."

"ఎందుకు పోకూడదో చెప్పు మరి."

నేను మళ్లీ నీళ్ల వేడి సంగతెత్తాను. తన పేరు కాదు గనకే చెప్పలేదనుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నా వెనక నిలబడి సోల్రూన్ గుసగుసలాడిన పేరు కోల్బేనే. "ఆ రోజు మా నాన్న మొహం చూడాలి హల్లా" అని కళ్లు తుడుచుకుంది కూడా. తండ్రితో చెబితే కూతురి గుట్టు పోతుంది, కూతురితో చెబితే తండ్రి గుట్టు పోతుంది. చూస్తూ ఊరుకుంటే ఆ మొహమే అక్కడ ఉండదు.

చివరికి కొల్లికి ఫోన్ చేశాను. "భుజం లేవట్లేదయ్యా. రేపు మీ అమ్మాయి ఇంట్లో పాస్టరు రాకముందే ఫోటోలు తీసేస్తా. కాస్త లైటు మోసుకొచ్చి పట్టుకో, ఆనక నీ చేపల దగ్గరికి పో."

"మొన్న మెడ, ఇవాళ భుజం. రేపు నాలుకా?"

"నాలుక నిక్షేపంగా ఉంది. నా బాధంతా దాంతోనే."

మర్నాడు పాత ఉన్ని స్వెట్టరు, రబ్బరు బూట్లతో దిగాడు. బూట్లు గుమ్మంలో విప్పి, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా గోడ పక్కన లైటు పట్టుకుని నిలబడ్డాడు. ఇల్లంతా అట్ల వాసన. సోల్రూన్ ఒళ్లో బుడ్డోడు ముత్తవ్వల నాటి పొడుగాటి తెల్లగౌను వేసుకుని, దాని లేసు చప్పరిస్తున్నాడు. గిలక్కాయ ఆడించాను, బాతును అరిపించాను. వాడు తలెత్తితే ఒట్టు. చుట్టూ చుట్టాలు కూర్చున్నారు గనక, తల్లి ఆ పేరు పలకడానికి వీల్లేదు. కొల్లి చూపు తలుపు మీదే ఉంది.

"కోల్బేన్! లైటు కాస్త పైకెత్తు!" అన్నాను.

కొల్లి ఎత్తాడు. బుడ్డోడు లేసు వదిలేశాడు. చటుక్కున నా వైపు తిరిగి, కళ్లు విప్పార్చి, పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వాడు.

"హల్లా!" అంది సోల్రూన్, మొహం పాలిపోయి.

"లైటడిగానమ్మా. లైటు పట్టుకున్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదా?"

చుట్టాలు ఎంత ముద్దుగా నవ్వాడో అని మురిసిపోతున్నారు. కొల్లికి నా కిటుకు తెలుసు. అతని చేతిలో లైటు మెల్లగా పైకి పోయి ఇంటికప్పుకి వెలుగు చూపించసాగింది. ఆ ఫోటో చీకట్లో కలిసిపోయింది, నాకేం బెంగ లేదు. అతను అల్లుడి వైపు తిరిగాడు.

"ఈవార్, నాకు పట్టే చొక్కా ఏదైనా ఉందా?"

"ఏం, చేపలకు పోవా?" అన్నాను.

"గాలి బాగా లేదు" అన్నాడు. బయట ఆకు కదలడం లేదు.

పాస్టరు వచ్చాడు. అల్లుడి చొక్కా గుండీలు పట్టక, కొల్లి ఊపిరి బిగబట్టి ముందు వరసలో కూర్చున్నాడు. తెలిసిన సంగతే కదా, ఆశ్చర్యం ఎలా నటిస్తాడోనని నాకు భయం వేసింది. అనవసరంగా భయపడ్డాను.

"ఈ బిడ్డ పేరేమిటి?" అని పాస్టరు అడిగాడు.

సోల్రూన్ తండ్రినే చూస్తూ, "కోల్బేన్" అంది.

"ఆఁ!" అన్నాడు కొల్లి, బళ్లో హాజరు పలికినట్టు లేచి నిలబడి. తల్లి ఒళ్లోని బుడ్డోడూ అప్పుడే "ఆఁ" అన్నాడు.