శబరిలో దూకిందెవరు

ఆదివారం పొద్దున్న కాశయ్య మూడుసార్లు పళ్ళు తోముకున్నాడు. మొదటిసారి అలవాటుకొద్దీ, రెండోసారి తోముకున్న సంగతి మరిచిపోయి, మూడోసారి చేతులకు ఇంకో పని దొరక్క. సినిమా మధ్యాహ్నం రెండింటికి. ఇంకా ఎనిమిదైనా కాలేదు.

"ఏందయ్యా, పళ్ళు ఉన్నవెన్ని, తోముడు ఎంతసేపు?" అంది వంటింట్లోంచి మంగాదేవి.

"పద్నాలుగు," అన్నాడు కాశయ్య. నిజానికి పదకొండు.

కోంటా బజారులో కాశయ్య కిరాణా దుకాణం తెలియనివాళ్ళు ఉండొచ్చేమోగాని, ఆయన నోరు తెలియనివాళ్ళు లేరు. డెబ్బై రెండేళ్ళ మనిషి. దుకాణం కొడుకు ఉమామహేశ్‌కు అప్పజెప్పాడు గాని, నోరు తన దగ్గరే ఉంచుకున్నాడు. చింతగింజంత నిజం పాతితే సాయంత్రానికి చింతతోపు లేపుతాడు. ఒక ఏడు వాన ఎంత పడిందంటే, దుకాణంలో ఉప్పుబస్తాలు కరిగి వీధి పొడుగునా పారితే, ఆ వీధి మేకలు నెలరోజులపాటు గడ్డి ముట్టకుండా గోడలే నాకాయని ప్రమాణం చేసి చెబుతాడు. ఎవరైనా నవ్వితే, "అందుల ఒక మేక ఇంకా బతికే ఉన్నది, పోయి అడుగు" అంటాడు.

అన్ని కథల్లోకీ పెద్దది సినిమా కథ. యాభై అయిదేళ్ళ కిందట మద్రాసు నుంచి సినిమావాళ్ళు పడవ సీను కోసం శబరి ఏటి ఒడ్డుకు వచ్చారు. అంతవరకు నిజం. ఆ పైది కాశయ్య మాట: వరద చూసి హీరో వణికిపోతే, పదిహేడేళ్ళ కాశయ్యే హీరో పంచె కట్టుకుని నీళ్ళలో దూకి, కొట్టుకుపోతున్న హీరోయిన్ను ఒడ్డుకు చేర్చాడట. "ముఖం ఆయనది, వీపు నాది" అనేవాడు. చెప్పడం మొదలుపెట్టిన ఏడు శబరి నడుం లోతు ఉండేది. ఏటికేడు పెరిగి ఇప్పుడు ఒడ్డు మీది తాటిచెట్ల మొవ్వుల దాకా వచ్చింది. పెళ్ళిచూపుల్లో మంగాదేవికీ ఈ మాటే చెప్పాడు. ఆమె భద్రాచలంలో బియ్యం మిల్లు సంబంధం కాదని, అడవి దాటి కోంటాకు కాపురానికి వచ్చిందంటే ఆ వీపు మీది నమ్మకంతోనే. ఆ సినిమా కోంటాకు ఎన్నడూ రాలేదు. భద్రాచలంలో మూడు రోజులు ఆడి పోయిందని విన్నారు. చూసినవాళ్ళు లేరు. కాశయ్య కూడా చూడలేదు.

చూడాల్సిన రోజు రాదనే అనుకున్నాడు.

ఈ తంటా తెచ్చిపెట్టింది కోడలు అపర్ణ. నాలుగు నెలల కిందట సెల్లులో ఏదో నొక్కి టీవీలో కొత్త చానెల్ వేయించింది. పొద్దస్తమానం పాత సినిమాలే. మధ్యలో ప్రకటనలు లేవు. సబ్బు లేదు, పళ్ళపొడి లేదు, మోకాళ్ళ నూనె లేదు. పేర్లు పడ్డాయంటే శుభం దాకా బండి ఆగదు. మంగాదేవికి ఆ చానెల్ ప్రాణమైపోయింది. మధ్యాహ్నం కాగానే చింతపండు తట్ట ముందేసుకుని కూర్చుంటుంది. ఏ అత్తగారో ఏ కోడలినో గడప దాటిస్తుంటే గింజ తీసే చెయ్యి గాలిలోనే నిలిచిపోతుంది. అప్పటి మనుషులు ఒకరి మాట పూర్తయ్యాకే ఇంకొకరు అందుకుంటారనీ, ఎంత ఏడ్చినా మాట ముద్దగా రాదనీ ఆమెకు ముచ్చట. అడ్డాకులు తెచ్చి విస్తళ్ళు కుట్టిచ్చే దోర్ల తెగ ముసలమ్మ బుధ్రి కూడా ఆమె పక్కనే చేరేది. సినిమా రక్తికట్టిన రోజు ఆకుల కట్ట విప్పకుండానే ఇంటికి పోయేది.

కాశయ్యకే గిట్టలేదు. ఇదివరకు సగం సినిమా టీవీలో నడిస్తే సగం ఆయన నోట్లో నడిచేది. ప్రకటనలు పడ్డప్పుడల్లా ఆయన వంతు. పులి కథ సబ్బుల్లో మొదలై కొబ్బరినూనెలో ముగిసేది. ఇప్పుడు నోరు తెరిచే సందే లేదు. తెరిస్తే "ష్" అంటున్నారు. సొంత ఇంట్లో, సొంత టీవీ ముందు, సొంత పెళ్ళాం!

పోయిన ఆదివారం సినిమా అయిపోయాక, వచ్చే వారం వేసేదాని బొమ్మ చూపించారు. వరద నీళ్ళు, పడవ, వెనక జంట గుట్టలు. కాశయ్య ఆలోచించేలోపే ఆయన నోరు అరిచేసింది:

"అరే! అది మన రేవు!"

గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. బట్టల దుకాణం బాబూరావు కూడా అక్కడే ఉన్నాడు. మంగాదేవికి చిన్నాన్న కొడుకు కాబట్టి కాశయ్యను ఏడిపించడం అతనికి హక్కు.

"అయితే బావా, వచ్చే ఆదివారం నీ వీపు దర్శనం ఐతది మాకు!" అన్నాడు. బజారంతా చాటింపు కూడా అతనే వేశాడు.

ఆ వారమంతా కాశయ్య కుదురుగా కూర్చున్నది లేదు. ఎందుకంటే, హీరో దూకలేదు. హీరో బదులు ఎవరూ దూకలేదు. దూకింది హీరోయిన్. ఆమె బదులు దూకాల్సిన మనిషి మద్రాసు నుంచి వచ్చి, జ్వరంతో పడుకుంది. సినిమావాళ్ళు రేవులో ఉన్నవాళ్ళను ఎగాదిగా చూసి, మీసం ఇంకా మొలవని, నడుం సన్నని, ఈత వచ్చిన కాశయ్యను పట్టుకుని, చీర కట్టి, సవరం పెట్టి, పూలు ముడిచి, పడవలోంచి తోశారు. చూసిన ఊరివాళ్ళు పడవవాళ్ళు ఇద్దరే, వాళ్ళూ ఎప్పుడో పోయారు. అంటే ఆయన సినిమాలో ఉన్న మాట ముమ్మాటికీ నిజం. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే యాభై ఏళ్ళుగా పెళ్ళానికి చెప్పిన మాట పోతుంది. దానికి తోడు ఇంకో దురద. ఆ రోజు తను ఎలా ఈదాడో ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలని.

సోమవారం, "మంగా, ఆదివారం భద్రాచలం పోయి రాముణ్ణి చూసొద్దామా?" అన్నాడు.

"రాముడు యాడికీ పోడు. సినిమా పోతది," అంది మంగాదేవి.

బుధవారం కోడలి మీద ప్రయోగించాడు. "అమ్మా, ఆ చానెల్ చూస్తే కళ్ళు పోతయంట. దోర్నపాల్‌ల ఇద్దరికి పోయినయి."

"ఎవరికి మామయ్యా?"

"పేర్లు తెల్వయి. వాళ్ళకు కండ్లు కనబడక చెప్పలేకపోయిన్రు."

అపర్ణ తల వంచుకుని నవ్వుకుంటూ లోపలికి పోయింది.

ఆదివారం రెండు కాకముందే గది నిండింది. బుధ్రి ఆకుల కట్టతో వచ్చింది. ఆమె అన్న లచ్చు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. లచ్చు కాశయ్యకు చిన్ననాటి నేస్తం, ఆయనకు శబరిలో ఈత నేర్పిన గురువు. బాబూరావు ఇంట్లోంచి సొంత కుర్చీ తెచ్చుకుని మరీ ముందు వేసుకున్నాడు.

సినిమా మొదలైంది. జమీందారు కొడుకు, పేదింటి పిల్ల, కొరకొర చూసే అత్త. చల్లకవ్వం చప్పుడు కూడా వినబడేంత తీరిగ్గా నడుస్తోంది కథ. మంగాదేవి ముఖం మీద నలుపూ తెలుపూ వెలుగు ఆడుతోంది. కాశయ్య గడప దగ్గర కూర్చున్నాడు. లేచాడు. నీళ్ళు తాగాడు. కుర్చీ మార్చాడు. వరండాలోకి పోయి, రోడ్డు ఉందో లేదో చూసినట్టు చూసి, మళ్ళీ వచ్చాడు.

"పిర్రల కింద చీమలున్నయా సావుకారీ?" అన్నాడు లచ్చు.

"ష్!" అంది మంగాదేవి.

రెండున్నరకు కరెంటు పోయింది. కాశయ్యకు ప్రాణం లేచొచ్చింది. "అయ్యయ్యో!" అన్నాడు, చేతనైనంత దుఃఖంగా. మూల నుంచి ఇన్వర్టర్ కుయ్‌మంది. బొమ్మ తిరిగొచ్చింది. పోయిన వేసవిలో ఆ ఇన్వర్టర్ పట్టుబట్టి కొన్నది ఆయనే. దాంతో కోంటా మొత్తం మూడు రోజులు వెలిగిందని చెప్పుకున్నదీ ఆయనే.

అప్పుడొచ్చింది శబరి.

పడవ ఊగింది. హీరోయిన్ నీళ్ళలో పడింది. ఒడ్డున తెల్లపంచె హీరో రెండు చేతులూ చాచి ఆమె పేరు పిలిచాడు. పిలుస్తూనే ఉన్నాడు. నీళ్ళలో చీర గొడుగులా ఉబ్బింది, తల మునిగింది, తేలింది. ఒక్క చెయ్యి మాత్రం మునగకుండా పైకి లేచి, రక్షించమన్నట్టు ఆకాశం కేసి నిలబడింది. వయొలిన్లు ఏడ్చాయి. మంగాదేవి కొంగు నోట్లో కుక్కుకుంది. కింద రేవులో ఎవరో చాకలమ్మ ఆ పిల్లను పట్టి లాగింది. సీను మారింది. హీరో ఇంటికి పోయి అమ్మ ముందు నిలబడ్డాడు.

"బావా," అన్నాడు బాబూరావు, మెల్లగా, తీపిగా. "నీ వీపేది?"

"ఉండు, వస్తది."

"ఇంకేడ వస్తది? ఆయన ఇంటికి చేరిండు. పంచె పిండుకునే పని గూడ పడలే."

"టీవీల కోసేసిన్రు."

"ఇందులో కొయ్యరు మామయ్యా," అంది అపర్ణ. "పూర్తి సినిమా వేస్తారనే గదా పెట్టించింది."

గది గొల్లుమంది. మంగాదేవి నవ్వలేదు. 'ష్' అని కూడా అనలేదు. ఒక్కసారి మొగుడి వైపు చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగింది. ఆ చూపుకు కాశయ్యకు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంతలో లచ్చు కర్ర నేలకేసి కొట్టి నవ్వాడు. "ఏడుస్తరేంది మీరంతా? ఆ పిల్ల మునుగుతలేదు, ఈదుతున్నది! చెయ్యి చూసిన్రా?"

"సాయం కోసం ఎత్తింది గదా," అంది అపర్ణ.

"సాయం కాదు, ఉప్పు! వంతెన లేని రోజుల్ల సంతకు పోయి ఎట్ల వస్తుంటిమి? ఉప్పుమూట ఒక చేత్తో పైకి పట్టుడు, పక్కకు ఒరిగి రెండో చేత్తో ఈదుడు. చిన్నప్పటి సంది గట్ల ఈది ఈది, మూట లేకున్నా చెయ్యి దానంతటదే లేస్తది. మద్రాసు మనిషికి ఆ ఈత యాడికెల్లి వస్తది? ఈమె మన రేవు పిల్ల. ఆ వానలకు నేను ఊళ్ళ లేకుంటి గాని, ఉంటే చెబుదును ఎవలో."

"అప్పటి ఈడు పిల్లలు ఎవరెవరబ్బా?" బాబూరావు చుట్టూ చూశాడు.

బుధ్రి ఆకుకు పుల్ల గుచ్చుతూ, తల ఎత్తకుండానే అంది: "నేనే."

గది ఒక్క ఊపున లేచింది. "అవ్వా, నువ్వా!"

"ఇంకెవలు? చీర కట్టిన్రు. పూలు పెట్టిన్రు. దూకిన."

కాశయ్య యాభై ఏళ్ళు ఒట్లు పెట్టి చెబితే నమ్మనివాళ్ళు, బుధ్రి నాలుగు ముక్కలంటే నమ్మేశారు. బాబూరావు లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు. అపర్ణ సెల్లు తీసి, "అవ్వా, ఇటు చూడు, ఫోటో" అంది. బుధ్రి పైట సర్దుకుంది.

కాశయ్య ఊరుకుంటే సరిపోయేది. మహా అయితే కోతలరాయుడనేవారు, అది కొత్త బిరుదేమీ కాదు. ఊరుకుందామనే వరండాలోకి పోయాడు. చెవులు మాత్రం గదిలోనే ఉన్నాయి.

"నీళ్ళు ఎంతుండె అవ్వా అప్పుడు?" ఎవరో అడిగారు.

"ఎంత? మోకాలంత."

కాశయ్య గడప మీదికి ఒక్క దూకు దూకాడు. "మోకాలంతనా! మోకాలంతనా శబరి? ఆషాఢంల? బుధ్రీ, నోట్ల మన్నుపడ! దూకింది నేను! చీర కట్టుకొని దూకింది నేను!"

బాబూరావు నేల మీద చతికిలబడి పొట్ట పట్టుకున్నాడు. "ఇది మేకల కన్నా పెద్దది బావా! చీరంట!" ఒక్కరు నమ్మితే ఒట్టు. లచ్చు కూడా కర్ర మీద వాలి దగ్గేదాకా నవ్వాడు.

మంగాదేవి చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుని రిమోటు అందుకుంది. నాలుగు నెలల్లో మొదటిసారి, సినిమా నడుస్తుండగా, టీవీ గొంతు ఆపేసింది.

"చెప్పు," అంది.

"ఏం చెప్పాలె?"

"ఏం జరిగిందో అది."

కాశయ్య నోరు తెరిచాడు. మునిగిన తాటిచెట్లు రాలేదు. ఒక్క కెరటమూ రాలేదు. "మద్రాసామెకు జ్వరమొచ్చింది," అన్నాడు. "నాకు మీసం లేకుండె. చీర కట్టి తోసిన్రు. కాళ్ళకు చుట్టుకున్నది. చస్తననుకున్న. ఒడ్డుకొచ్చినంక ఏడ్చిన."

అందరూ ఇంకా ఉందనుకుని చూశారు. లేదు. కాశయ్య గోడను గోరుతో గీకుతూ నిలబడ్డాడు.

"ఇది నిజమే," అంది మంగాదేవి.

"ఎట్ల అక్కా?" బాబూరావు అడిగాడు.

"యాభై ఏండ్ల సంది వింటున్న గదరా తమ్ముడూ. ఈయన అబద్ధం ఇంత పొట్టిగ ఉండదు." మొగుడి వైపు తిరిగింది. "ఆ వీపు కోసమేనయ్యా నేను మిల్లు సంబంధం కాదన్నది."

"వీపు నాదే గద మంగా," అన్నాడు కాశయ్య, కాస్త ధైర్యం వచ్చి. "మీద రవిక ఉన్నది, అంతే."

మంగాదేవి పెదవి బిగబట్టింది గాని, భుజాలు ఆగలేదు. నవ్వు వదిలేసరికి చింతపండు తట్ట ఒరిగి గింజలు గదంతా దొర్లాయి.

"నాకు ఫోటో అయితే తీసిన్రు గదా," అంది బుధ్రి, ఆకు అందుకుంటూ. కుర్చీ మాత్రం వదల్లేదు.

"అపర్ణా, మళ్ళా ఎప్పుడు వేస్తరు?" అడిగింది మంగాదేవి. "ఆ చెయ్యి నేను సరిగ చూడలే. ఏడుస్తుంటిని."

"మంగళవారం పొద్దున్న పదింటికి అత్తయ్యా."

కాశయ్యకు అప్పుడు తట్టింది: తనూ చూడలేదు. యాభై అయిదేళ్ళు ఎదురుచూసిన ఆ నిమిషంలో ఆయన కళ్ళు మంగాదేవి ముఖం మీదే ఉండిపోయాయి, ఏమంటుందోనని.

"వెనక్కి తిప్పమ్మా జరంత," అన్నాడు.

"ఇది తిరగదు మామయ్యా. మంగళవారమే."

"మంగళవారమా! అంతదాకా ఏం జేయాలె?"

"ఏ చెయ్యి ఎత్తినవ్ సావుకారీ?" లచ్చు అడిగాడు. "కుడిదా, ఎడమదా? నేను నీకు ఎడమది గదా నేర్పింది."

కాశయ్యకు గుర్తు రాలేదు. వరండాలోకి పోయి బల్ల మీద పక్కకు ఒరిగి పడుకుని, కుడిచెయ్యి పైకెత్తాడు. కాసేపు చూశాడు. కాదనిపించింది. దిండు ఆ చివర నుంచి ఈ చివరకు మార్చి, అటు తిరిగి పడుకుని, ఎడమచెయ్యి ఎత్తాడు.